ఐదు పందుల అప్పు

పందులే సంపదగా ఎంచే సింబూ కొండల్లో కాఫీ పండించే డావా, పండ్ల తొక్క తీసే మిషను కోసం బ్యాంకుకెళ్లి అప్పడిగింది. మేనేజరు బోమై ఆమెకు వరసకు మేనల్లుడే.

"భూమి తెగ మొత్తానిది, తాకట్టుకు పనికిరాదత్తా. పందుల్ని బ్యాంకు ఆస్తి కింద లెక్కే వెయ్యదు," అని పంపేశాడు.

చేత్తో ఒలిచేసరికి ఆలస్యమై, ఆ ఏడు సగం పంట కుళ్లిపోయింది.

కోతలయ్యాక బోమైయే ఆమె గుమ్మంలోకొచ్చాడు. తమ్ముడి పెళ్లికి పిల్లవాళ్లకు ఓలి ఇవ్వడానికి ఐదు పందులు తక్కువయ్యాయట.

"బదులివ్వత్తా, తిరిగిచ్చేస్తా."

"తాకట్టేం పెడతావు నాయనా?"

"అదేంటత్తా, నేనెవరో నీకు తెలీదా?"

"నాకు తెలుసు. బ్యాంకులో కూర్చుంటే నీకే నేనెవరో తెలీదు."

కాగితం, సంతకం లేకుండానే డావా ఐదు పందుల తాళ్లూ అతని చేతిలో పెట్టింది.