గరగరలాడే బొంత

బొంతమీద కుట్టిన పువ్వు మూడో రెక్క దగ్గర కాగితం మళ్ళీ మొరాయించింది. కురుమమ్మ సూదిమొనను కుట్టు కిందికి పోనిచ్చి, జాగ్రత్తగా పైకి లేపి, అంచును గోటితో పట్టుకుని లాగింది. వచ్చింది. ఎంత వచ్చిందనీ? చీమ తలకాయంత.

"నీ పాడుగాను" అని తిట్టి, ఆ ముక్కను పక్కనున్న సత్తుగిన్నెలో పడేసింది. గిన్నెలో అప్పటికే గుప్పెడు కాగితం పొట్టు ఉంది. బొంతలో ఇంకా ఎంత ఉందో చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అందుకని మొత్తం బొంత వైపు చూడకుండా, చేతికింద ఉన్న రెక్కనే చూసుకుంటూ కూర్చుంది.

అశోక్‌నగర్‌లో ఆ అపార్ట్‌మెంట్ మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన ఉన్న గది వాళ్ళది. కాపలా పని పేరుకు బుగ్గయ్యది. అతను మంచాన పడ్డప్పటి నుంచి మోటారు వేయడం, మెట్లు కడగడం, రాత్రి గేటుకు తాళం పెట్టడం అన్నీ ఆమే చేస్తోంది. గోడవార మంచంమీద అతను ఎత్తుదిండుకు చేరగిలబడి ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. వయసంతా రాతి దుమ్ములో బతికాడు. దుమ్మంతా లోపల గచ్చులా గట్టిపడిపోయిందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని పెద్దాసుపత్రివాళ్ళు చెప్పారు. ఎన్నాళ్ళని ఆమె అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

ఇంటికొచ్చిన రోజే కురుమమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. పాత చీరలు మడతమీద మడత పరిచి, పైన బుగ్గయ్య తెల్లపంచె వేసింది. "బొంత కుడుతున్న. గీ సలికి కొత్తది కప్పుకుందువు. పువ్వు గీసియ్యి" అంది.

పువ్వంటే ఏ పువ్వో వాళ్ళిద్దరికీ తెలుసు. బుగ్గయ్య మొజాయిక్ పనివాడు. చిక్కడపల్లి, నారాయణగూడ పాత ఇళ్ళల్లో తెల్లటి గచ్చు మధ్యలో గాజుపట్టీలు పాతి, ఎర్రరాయి, పచ్చరాయి పోసి పెద్ద పువ్వు తీసేవాడు. ఆ పువ్వును తొక్కడానికి మనుషులు మొహమాటపడేవాళ్ళు. తర్వాత టైల్స్ వచ్చాయి. పువ్వు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. అతను మాత్రం మరిచిపోలేదు.

గీసిచ్చాడు. అదే కొంప ముంచింది. ఆ వీధిలో కోచింగ్ సెంటర్లు పంచే మందపాటి నున్నటి కాగితాలకు కొదవేముంది? నాలుగింటిని తీసుకుని, ముందురోజు అన్నం మెతుకులు మెదిపి ఒకదానికొకటి అంటించాడు. మధ్యలో మేకు గుచ్చి, మేకుకు దారం కట్టి, దారం చివర పెన్సిలు పెట్టి, గచ్చుమీద తిప్పినట్టే గుండ్రంగా తిప్పాడు. గచ్చుకు గట్టి కాగితమే మంచిది, కదలదు. బొంతకు అదే శత్రువని అతనికి తోచలేదు. ఆమెకూ తోచలేదు. భర్త చేత్తో గీసిన గీత ఒక్కటి కూడా పోకూడదని, కాగితాన్ని పంచెమీదే పరిచి, ఎర్రదారం, పచ్చదారం పెట్టి చిన్నచిన్న కుట్లతో దగ్గరదగ్గరగా కుట్టుకుపోయింది. కుట్టడం అయ్యాక కాగితం చించితే అది ఊడి రాలేదు. ప్రతి కుట్టు కిందా పళ్ళు బిగించి కూర్చుంది.

నిన్న సగం తీసిన బొంతనే కప్పి చూసింది. అతను కదిలితే గరగర, దగ్గితే గరగర. "పోస్టర్ కప్పుకున్నట్టున్నదే" అని బుగ్గయ్య నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఆగేదాకా ఆమె ప్రాణం ఆమె దగ్గర లేదు. అప్పుడే అనుకుంది, రేపు సందేళకల్లా ఈ కాగితం అంతా బయటికి రావాలి, ఈయన చప్పుడు లేని బొంత కప్పుకుని ఒక్కసారైనా హాయిగా కన్ను మూయాలి అని. కన్ను మూయడమంటే నిద్రే. ఇంకో అర్థం మనసులోకి రాబోతే తరిమేసింది.

ఎండ గేటు దాకా వచ్చింది. బొంత మడిచి, అతనికి ఇంత జావ తాగించి, చిక్కడపల్లి బయలుదేరింది.

విద్యావతి ఇంట్లో ఆమె పాచిపని చేయబట్టి చాలా ఏళ్ళయింది. అంతకుముందే ఆ ఇంటితో చుట్టరికం. ఆ హాల్లో గచ్చు వేసింది బుగ్గయ్యే. కొత్త పెళ్ళికూతురుగా తట్టలో రాళ్ళు మోసింది కురుమమ్మే. మొగుడు వేసిన గచ్చు పెళ్ళాం తుడుస్తోందని ఆ ఇంట్లో వేళాకోళం ఆడేవాళ్ళు. ఆడనీ. తుడిచేటప్పుడు ఆమె పువ్వు దగ్గరికొచ్చి కర్రను పక్కన పెట్టి, చేత్తో తుడిచేది.

ఆ పువ్వులో ఒక రెక్క కురచ. విద్యావతి మామగారు జగన్నాథరావు అది చూసి మండిపడ్డాడు. పగలగొట్టి మళ్ళీ వేయమన్నాడు. పాతికేళ్ళు కూడా నిండని బుగ్గయ్య చేతులు కట్టుకుని నిలబడి, "పగలగొట్టేది లేదు సార్. తప్పు నాదే గానీ పువ్వు ఏం తప్పు చేసింది?" అన్నాడట. అట ఏమిటి, ఆమె విన్నదే. ఆ రెక్క కొలిచేటప్పుడు అతను పట్టీ వైపు చూడలేదు, తట్ట ఎత్తుకొస్తున్న ఆమె వైపు చూశాడు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఎట్లున్నడు బుగ్గయ్య?" అని అడిగింది విద్యావతి.

"ఉన్నడమ్మా. మాట్లాడుతున్నడు."

"బొంత కుడుతున్నవంట గదా. ఇంత పరేషాన్ల గా పని ఎందుకు పెట్టుకున్నవే? మంచి రగ్గు తీసిపెట్టిన, తీస్కపో. మెత్తగుంటది."

విద్యావతి మంచిది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా కురుమమ్మకు ఎక్కడో చురుక్కుమంది. పోయే మనిషికి కొత్త బొంత ఎందుకని అందరి కడుపులోనూ ఉన్న మాట, మెత్తగా చెబితే మాత్రం మారుతుందా?

"రగ్గులకేం తక్కువ లేదమ్మా. ఆయన పువ్వు ఆయనకు కప్పాలె" అంది. బకెట్ ఎత్తుకుని, కురచ రెక్క దాకా వంగి తుడిచి, రగ్గు ముట్టకుండా వచ్చేసింది.

దారి మార్చి నారాయణగూడ వైపు తిరిగింది. అక్కడ గాజులు, రిబ్బన్లు అమ్మే ఫ్యాన్సీ దుకాణం ఉంది. కనుబొమ్మలు పీక్కునే చిమ్టా చూపించమంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు ఆమె నెరిసిన తల వైపు, పనిచీర వైపు చూసి నవ్వు బిగబట్టాడు.

"ఎవరికమ్మా?"

"నాకే. పెండ్లిచూపులున్నయ్."

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. రకరకాల చిమ్టాలు తీయించి, మొనలు వెలుతురుకు ఎత్తి చూసి, తన వెంట్రుక ఒకటి పీకి పరీక్షించి, బాగా పట్టేది ఏరుకుంది. బయటికొచ్చాక మాత్రం నవ్వొచ్చింది. ఈ ముచ్చట ఆయనకు చెప్పాలని గబగబా నడిచింది.

చెప్పింది. బుగ్గయ్య కళ్ళతో నవ్వాడు. "చూపులకు ఎవడొస్తుండు?" అన్నాడు.

"వచ్చిండు ఒకడు. మంచం దిగుతలేడు."

చిమ్టా మంచి పనిముట్టు. సూది లేపిన చోట అది పట్టుకుని లాగితే ముక్క ముక్కంతా వస్తోంది. మూడో రెక్క అయింది, నాలుగోది అయింది. మధ్యాహ్నం అంబర్‌పేట నుంచి ఆడబిడ్డ మంగ వచ్చింది. అన్న కాళ్ళదగ్గర కూర్చుని కాసేపు కళ్ళు తుడుచుకుంది. తర్వాత బొంత చూసింది.

"గిన్ని తంటాలెందుకు వదినా? నీళ్ళల్ల నానవెడితే కాగితం అదే పోతది."

"మూల తడిపి చూసిన. ఎర్ర సిరి అంటింది. పంచె పాడయితది."

సిరా అనబోయి సిరి అనడం ఆమెకు అలవాటే. మంగ తెల్లపంచె అంచు వేళ్ళతో నలిపింది. గొంతు తగ్గించింది. "తెల్లగ కుట్టినవేందే? చూసినోళ్ళు ఏమనుకుంటరు? అయినా మనిషి పోయినంక పక్కబట్టలు ఇంట్ల ఉంచుకోం గద. ఊరవతల పారేసుడే. పారేసేదానికి ఇంత పానం పెట్టుడేంది?"

గొంతు తగ్గిస్తే మాత్రం, అంత చిన్న గదిలో ఎవరికి వినబడదు? బుగ్గయ్య కప్పువైపు చూస్తున్నాడు.

కురుమమ్మ చిమ్టా కింద పెట్టింది. "మంగా, మీ అన్న ఇంక పోలేదు. పోయినోళ్ళ ముచ్చట పోయినంక మాట్లాడు. పోయే మనిషికి చింపిరిది చాలునా? మనిషి పనికొచ్చినన్ని రోజులే కొత్తది కప్పాల్నా? బతికుండంగ కప్పుకునేటందుకే గింత పానం పెడుతున్న. ఒక్కపూట కప్పుకున్నా సరే, ఇది కొత్త బొంతే."

మంగ ముఖం మాడ్చుకుంది. లేచి పోతుందనుకుంటే పోలేదు. కొప్పులోంచి పిన్ను తీసి, అవతలి కొస ఒళ్ళోకి లాక్కుని, ఐదో రెక్క కింద పొడవడం మొదలుపెట్టింది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని పీకుతూ పోయారు. మధ్యలో మంగ ఒక పొడవాటి ముక్కను చెక్కుచెదరకుండా లాగి, "చూడే!" అని చిన్నపిల్లలా పైకెత్తి చూపించింది. కురుమమ్మకు కోపం పోయింది.

పొద్దు వాలేసరికి మంగ బస్సుకు లేచింది. రెక్కలన్నీ శుభ్రపడ్డాయి. నడిమధ్య మాత్రం మిగిలింది. నాలుగు కాగితాలూ కలిసిన చోటు అది. అన్నం జిగురు ఎండి అట్టలా అయింది. రెక్కల కుట్లన్నీ అక్కడే వచ్చి కలిశాయి. చిమ్టాతో లాగింది, సూదితో పొడిచింది, ఆఖరికి పంటితో పట్టింది. ఊహూ. కుట్టు తెంపితే వస్తుంది. కుట్టు తెంపితే పువ్వు విడిపోతుంది.

"తెంపేది లేదు" అంది పైకే.

"ఉండనీ. కప్పు జర" అన్నాడు బుగ్గయ్య. "తెల్లారి తీద్దువు."

కప్పింది. మెడదాకా లాగి, అంచులు వీపు కిందికి దోపింది. తెల్లటి నేలమీద ఎర్రటి, పచ్చటి పువ్వు అతని గుండెలమీద పరుచుకుంది. బుగ్గయ్య చెయ్యి బయటికి తీసి కుట్లవెంట వేలు నడిపించాడు. పట్టీ సరిగ్గా కూర్చుందో లేదో తడిమి చూసే పాత అలవాటు. ఒక రెక్క దగ్గర వేలు ఆగింది.

"ఇది కురచయింది."

"గీసింది నువ్వే గద."

"నేనే గీసిన" అన్నాడు, ఎంతో తృప్తిగా.

మిగిలిన కాగితం ముక్క అతని ఛాతీమీద ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా గర అంటోంది. మళ్ళీ కాసేపటికి గర. రోజంతా ఆ చప్పుడుమీద పగబట్టిన మనిషికి ఇప్పుడది అంత బాధగా లేదు. అతనికీ బాధగా ఉన్నట్టు లేదు. చాలా రోజుల తర్వాత దగ్గు లేకుండా కళ్ళు మూసుకున్నాడు. మోటారు వేయలేదని పైనుంచి ఎవరో కేకేశారు. ఆమె లేచి గది బయటికి వెళ్ళి మోటారు వేసింది. ట్యాంకు నిండి నీళ్ళు పొర్లిన చప్పుడు విని ఆపేసింది. మోటారు హోరు ఆగాక మెట్లకింద ఒక్కసారిగా నిశ్శబ్దం అయింది.

గుమ్మంలోనే నిలబడి చెవి ఒగ్గింది. గర అనే చప్పుడు కోసం. ఎంతసేపు నిలబడినా అది వినబడలేదు.

మర్నాడు బుగ్గయ్యను అంబర్‌పేట శ్మశానానికి తీసుకుపోయి, అంతా అయ్యాక బస్తీవాళ్ళు తిరిగొచ్చారు. గది కడగాలన్నారు. మంగ ఏడుస్తూనే చాప చుట్టింది, దిండు కట్టింది, బొంత మీద చెయ్యి వేసింది.

"చాప తీస్కపో. దిండు తీస్కపో. దాని జోలికి రాకు" అంది కురుమమ్మ.

"కీడు వదినా. పోయినోళ్ళ పక్క..."

"ఎవలికే కీడు? నాకు రావాల్సిన కీడు నిన్ననే వచ్చిపోయింది. ఇంకొకటుంటే రమ్మను, చూస్త."

పెద్దమనుషులు ఏదో అనబోయారు. ఆమె వాళ్ళకు ఆ సందు ఇవ్వలేదు. మంగ చేతిలోంచి బొంత లాక్కుని, విదిలించి, అందరూ చూస్తుండగానే తన భుజాలమీదుగా కప్పుకుని మంచంమీద కూర్చుంది. దగ్గరికి ఎవరూ రాలేదు. అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి అప్పుడు గుక్కపట్టి ఏడ్చింది.

అందరూ వెళ్ళిపోయాక కూడా చిమ్టా సత్తుగిన్నెలో కాగితం పొట్టుమీద అలాగే పడి ఉంది. బొంత నడిమధ్య, బుగ్గయ్య మేకు గుచ్చిన బెజ్జంతో సహా, ఆ మొండి కాగితం ముక్క ఆమె ఊపిరి తీసినప్పుడల్లా గర అంటోంది.