ఎర లాగేశాక

పొద్దున్నే వాకిలి ఊడ్చి, వరండాలో నాలుగు కుర్చీలు వేసి, పెద్ద గిన్నెతో కాఫీకి పాలు పెట్టడం పరంధామయ్యకు అలవాటు. అలిపిరి రోడ్డులో ఉన్న ఆ ఇంటికి ఒకప్పుడు నాలుగు కుర్చీలు చాలేవి కావు. కొండ మీద గదులు ఇచ్చే ఆఫీసులో గుమాస్తా అంటే తిరుపతిలో మాటలా? మామిడికాయల బుట్టతో ఒకరు, బెల్లం దిమ్మెతో ఒకరు, ఎక్కడో తెగిపోయిన చుట్టరికాన్ని ముడేసుకుని ఇంకొకరు దిగేవాళ్ళు. ఆయన బుట్టలు ముట్టుకునేవాడు కాదు. వచ్చినవాళ్ళకే ఎదురు ఉప్మా పెట్టి, గదికి చీటీ రాసిచ్చి, వాళ్ళు నవ్వుకుంటూ వెళ్తుంటే చూసి మురిసిపోయేవాడు. చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే మనిషి మన గడప తొక్కడని ఆయన గట్టి నమ్మకం.

"వీళ్ళలో ఒక్కరన్నా ఊరికే వచ్చినారా, చెప్పు చూద్దాం" అని భార్య సుబ్బులమ్మ ఎగతాళి చేసేది. పిల్లలు లేరు. ఆమె పోయాక ఆ ఎగతాళి చేసేవాళ్ళు కూడా లేకుండా పోయారు.

పోయిన ఆషాఢంలో ఆయన రిటైరయ్యాడు. ఒక వారం కుర్చీలు బాగానే నిండాయి. అయితే అందరూ అడిగింది ఒకటే మాట, ఇప్పుడు ఆ సీట్లో ఎవరు కూర్చున్నారని. ఆ తర్వాత బెల్లం అయిపోయిన చోట ఈగలకేం పని? కాఫీ గిన్నె మాత్రం చిన్నది కాలేదు. మిగిలిన కాఫీని సాయంత్రం మళ్ళీ వేడి చేసుకుని ఆయనే తాగేవాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఎదురింటి రేడియో ఆగిపోతే ఆయనకు భయమేసేది.

దీపావళి దాటగానే సముద్రంలో వాయుగుండం పడింది. పుత్తూరు బస్సులో పరంధామయ్యకు టికెట్టు చింపిస్తూ కండక్టరు, "పిచ్చాటూరు డ్యాములో నెమలికోనం దిగిందంట" అన్నాడు. వానలెప్పుడు మొదలైనా అంతే. సముద్రం మీది మబ్బు నాగలాపురం కొండలు దాటి వచ్చేటప్పుడు అందులోనే ఒక నెమలికోనం కూడా వచ్చి డ్యాములో పడుతుంది. నిలువెత్తు చేప. సూదిలాంటి మూతి, వీపు మీద నెమలి పురిలా విచ్చుకునే నీలం రెక్క. వారం రోజులుండి, మబ్బు తేలిపోగానే వెళ్ళిపోతుంది. గాలానికి తగులుకుంటే, పట్టినవాణ్ణి ఎవరు తలుచుకుంటున్నారో వాళ్ళ దగ్గరికి పడవను లాక్కుపోతుంది. వాళ్ళు ఏ ఊరివాళ్ళైనా ఆ వేళకు ఏదో పనిమీద ఆ గట్టుకు వచ్చే ఉంటారు. చేప ఎవరి దగ్గరికి తెస్తే వాళ్ళే తమ చేత్తో ముల్లు తీసి వదిలెయ్యాలి. దాన్ని కోసుకు తిన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

పరంధామయ్య ఏటా వెళ్ళేవాడు. ఏటా చేప ఆయన్ని తిన్నగా గట్టుకే లాక్కుపోయేది. గట్టు మీద ఎవరో ఒకరు చేతులు కట్టుకుని నిలబడి, "ఇప్పుడే మిమ్మల్ని తలుచుకుంటా ఉండాను సామీ, పాపకు కొండ మీద పెండ్లి, రెండు గదులు కావల్ల" అనేవారు. అప్పట్లో దానికి ఆయన గర్వపడ్డాడు కూడా. ఈ ఏడు బస్సులో కూర్చుంటే మాత్రం ప్రతి స్టాపులోనూ దిగిపోదామనిపిస్తోంది. తనను తలుచుకునే మనిషి లోకంలో ఒక్కరైనా మిగిలారా లేదా, ఇవాళ తేలిపోతుంది.

డ్యాము దగ్గర గంగులమ్మ పుట్టి సిద్ధం చేసుకుని ఉంది. గుండ్రటి ఆ తోలు పడవను మొగుడు పోయినప్పటి నుంచీ ఆమే నడుపుతోంది. నలభై ఐదేళ్ళ మనిషి, చెయ్యి గట్టిది, నోరు ఇంకా గట్టిది. పరంధామయ్య కూర్చునే చోట పొడి గోనెసంచి పరిచి ఉంది. దాని మీద ఆయన నిరుడు మరిచిపోయిన తువ్వాలు, ఉతికి మడతపెట్టి.

"ఇంకా పెట్టుకోనుండావా దీన్ని?" అన్నాడాయన.

"పారేస్తారా సామీ మంచి తువ్వాలని? రాండి, కూచోండి. అయ్యవారు ఎప్పుడో ఎక్కేసినాడు."

అయ్యవారంటే రాజారత్నం. పుత్తూరు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఏటా వీళ్ళిద్దరూ కలిసే పుట్టి బాడుగకు మాట్లాడుకుంటారు, ఏటా పోట్లాడుకుంటారు. పరంధామయ్యది ఎర గాలం. బతికున్న జెల్ల చేపపిల్లను ముల్లుకు గుచ్చి నీళ్ళలో వదిలి కూర్చోవడం. రాజారత్నానిది ఈక గాలం. మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొర దగ్గర నేర్చుకున్న విద్య అది. ముల్లుకు నెమలి ఈక ముక్కలు దారంతో చుట్టి, పురుగు ఎగిరినట్టు నీటి మీద విసరడం.

"తినేదానికి ఏమీ లేకుండా ఉత్త ఈక చూపిస్తే ఏ చేపొస్తాదప్పా?" పరంధామయ్య మొదలుపెట్టాడు.

"వస్తాది. ముందు ముల్లు లేని ఎర చూపించి పైకి పిలవల్ల. దగ్గిరికొచ్చినాక ఎర లాగెయ్యల్ల. ఎర పోయినాక గూడా పోకుండా నిలబడింది సూడు, ఆ చేపకే ఈక."

"అట్ల నిలబడే చేప యాడుండాదయ్యా!"

"మీ ఇద్దురూ అరిస్తే ఉండే చేప గూడా పోతాది" అంది గంగులమ్మ తెడ్డు వేస్తూ.

ముందు రాజారత్నం విసిరాడు. ఏటా లాగే చేప అందుకుంది, ఏటా లాగే తూర్పు గట్టుకు లాక్కుపోయింది. అక్కడ ఆయన అక్క గొడుగేసుకుని నిలబడి ఉంది. ఆమెకు తమ్ముడితో పనేమీ లేదు. చేప మూతి నుంచి ముల్లు తీసి, "సన్నగైపోయినావురా" అని తిట్టి, పులిహోర పొట్లం ఇచ్చి వెళ్ళింది.

తరువాత పరంధామయ్య వంతు. మంచి జెల్లపిల్లను ఏరి గుచ్చాడు. సన్నగా వాన పడుతోంది. చేప వచ్చింది, ఎరను మింగింది, తాడు బిగిసింది. పుట్టి పడమటికి కదిలింది. ఆయన మెడ చాచి పడమటి గట్టును వెతికాడు. కొంత దూరం పోయాక చేప ఆగింది. దక్షిణానికి తిరిగింది, మళ్ళీ ఆగింది. ఎవరింటికో వచ్చి తలుపుకు తాళం చూసినట్టు నీళ్ళ మధ్యలో నిలబడిపోయింది. తర్వాత ఎరతో పాటు ముల్లునూ కక్కేసి కిందికి దిగిపోయింది.

నాలుగు వైపులా గట్లు ఖాళీగా కనిపిస్తున్నాయి. ముప్పై ఏళ్ళు చీటీలు రాసిన చేతిని పరంధామయ్య ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. ఏడుపొచ్చింది. వాన పడుతోంది కాబట్టి దాచుకోవలసిన అవసరం రాలేదు.

"ముందు తినండి సామీ" అని గంగులమ్మ గిన్నె మూత తీసింది. రాగిసంకటి, పప్పు. "మెత్తగా కెలికినా. నిరుడు దవడ పన్ను పీకించుకోని వచ్చినారు గదా, నమిలేదానికి కష్టపడినారు."

ఆయన తిన్నాడు. ఆకలి ఉందని తిన్నాకే తెలిసింది.

రాజారత్నం తన గాలం ఆయన చేతిలో పెట్టాడు. "ఒక్కసారి దీంతో ఎయ్యి. ఎరకొచ్చిన చేపకు పనుండేవాళ్ళ దారే తెలుస్తాది."

"ఎరకే నిలబడనిది ఈకకు నిలబడతాదా?"

"నిలబడకపోతే పోనీ. పోయేది ఏముండాది ఇంక?"

అదీ నిజమే. రాజారత్నం ముల్లు లేని ఎరను ఇంకో తాడుకు కట్టి నీళ్ళ మీద ఈడ్చాడు. లోపలి నుంచి నీలంగా ఏదో లేచింది. చేప దగ్గరికి రాగానే ఆయన ఎరను చటుక్కున లాగేశాడు. పరంధామయ్య విసిరిన ఈక ఎక్కడో వంకరగా పడింది. అలాంటి విసురు చూస్తే దొర తల కొట్టుకునేవాడు. అయినా చేప వెళ్ళిపోలేదు. ఎర పోయిన చోటే కాసేపు నిలబడి, వీపు మీది రెక్కను నిండుగా విప్పి, తీరిగ్గా వచ్చి ఆ ఈకను అందుకుంది.

పరంధామయ్య గట్ల వైపు చూశాడు. చేప గట్టుకు పోలేదు. పుట్టి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. పుట్టి కూడా దానితో పాటే మెల్లగా తిరిగింది. చివరికి గంగులమ్మ కూర్చున్న వైపుకు వచ్చి, సూది మూతిని పుట్టి అంచుకు ఆనించి ఆగిపోయింది.

"ఇది గూడా దారి తప్పింది" అన్నాడు పరంధామయ్య.

రాజారత్నం ఎన్నడూ చూడనట్టు నాగలాపురం కొండల వైపు తిరిగి కూర్చున్నాడు.

గంగులమ్మ తెడ్డును పక్కన పెట్టింది. చెయ్యి నీళ్ళలో ముంచి కడుక్కుని, చేప మూతి పట్టుకుని, నొప్పి తగలకుండా ముల్లు తీసింది. చేప వెంటనే పోలేదు. ఆమె అరచేతికింద కాసేపుండి, అప్పుడు పోయింది.

"దానికి దారి బాగా తెలుసు సామీ" అందామె, ఆయన వైపు చూడకుండా.

పరంధామయ్యకు తువ్వాలు గుర్తొచ్చింది, గోనెసంచి గుర్తొచ్చింది, ఇంకా నాలుక మీదున్న సంకటి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె గది కావాలనిగానీ, దర్శనం కావాలనిగానీ, ఒక్క లడ్డు తెమ్మనిగానీ అడిగిన పాపాన పోలేదు. అందుకు ఆయన లోలోపల కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"నువ్వు నన్ను ఒక్కనాడూ ఏమీ అడగలేదే గంగులమ్మా."

"అడిగుంటే ఇచ్చేసి ఉందురు. ఇచ్చి పంపేసినోళ్ళని మళ్ళా తలుసుకుంటారా మీరు?"

ఎంతమందికి గదులిచ్చాడో లెక్క లేదుగానీ, వాళ్ళలో ఒక్క మొహమూ ఆయనకు జ్ఞాపకం రాలేదు.

సాయంత్రం వాన తెరిపిచ్చింది. మబ్బు చెదిరి కొండల మీదుగా సముద్రం వైపు మళ్ళుతోంది. చేప కూడా వెళ్ళిపోయినట్టే. తిరుపతి బస్సు వచ్చి ఆగి, కండక్టరు రైట్ రైట్ అంటుంటే పరంధామయ్య ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అలిపిరి రోడ్డు, వరండా, నాలుగు కుర్చీలు, పెద్ద గిన్నె కళ్ళ ముందు కనిపించాయి. కాలు కిందికి దించాడు. బస్సు వెళ్ళిపోయింది. "పుత్తూరులో మా ఇంట్లో పడుకుందువులే" అన్నాడు రాజారత్నం, ఏమీ అడక్కుండా.

పరంధామయ్య మళ్ళీ గట్టు దిగాడు. గంగులమ్మ పుట్టిని బోర్లించి ఆరబెడుతోంది.

"రేపు పుట్టి ఉంటాదా గంగులమ్మా?"

"చేప ఎలబారిపోయింది గదా సామీ. రేపు ఈడ మీకేం పని?"

"పనేమీ లేదు" అన్నాడు పరంధామయ్య. "ఊరికే."

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. గంగులమ్మ బోర్లించిన పుట్టిని మళ్ళీ వెల్లకిలా తిప్పింది.