మూడు మేకుల బోర్డు

తడిగుడ్డతో తుడిస్తే రంగు లేచిపోతుందని ఓబమ్మ ఆ రేకులను పాత చీర ముక్కతో పొడిగానే తుడుస్తుంది. సున్న నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకెకు మూడేసి రేకులు చెక్కపెట్టెలో వరుసగా నిలబెట్టి ఉంటాయి. రోజూ ఎనిమిది గంటలకు ఆ పెట్టె తెరిచి, ఆ రోజు అంకె తీసి, గేటు బయట రోడ్డు వైపున్న బోర్డుకు తగిలించడం ఆమె మొదటి పని. షెడ్డు ఊడవడం, వెనక ఉన్న తెల్ల ట్యాంకు దుమ్ము దులపడం, ఆఫీసు గదిలో బిందె నింపడం ఆ తర్వాత.

బోర్డు మీద నీలి అక్షరాలతో 'మన రాకెట్ ఎగరడానికి ఇంకా' అని ఒక వరుస, 'రోజులు' అని దాని కింద మరో వరుస. రెంటి నడుమ మూడు మేకులు.

నిన్న అక్కడ మూడు వేలాడింది. ఈ రోజు రెండు రావాలి. కానీ పొద్దున ఇంట్లో ఆమె రాగిముద్ద కెలుకుతున్నప్పుడే సూపర్‌వైజర్ మారుతి ఫోన్ చేశాడు.

"ఓబమ్మక్కా, ఈ పొద్దు రెండు ఎయ్యొద్దు. నూటా తొంభై ఐదు ఎయ్యి. పదకొండుకు దుడ్లు పెట్టేటోళ్లు వస్తాండారు, బెంగళూరోళ్లు, ధర్మవరమోళ్లు. ఎవురన్నా అడిగితే బోర్డు ఈ పొద్దే కొత్తగా పెట్టినామని చెప్పు."

"మళ్లానా మారుతీ?"

"నన్ను అడగొద్దక్కా. పైనోళ్లు నాకు చెప్పింది నేను నీకు చెప్తాండా. నాకు మాత్రం మూన్నెల్లుగా జీతం వచ్చిందా? నేనేమన్నా అంటినా?"

ఓబమ్మ ఒకటి, తొమ్మిది, ఐదు రేకులు తీసి కొంగు కింద పట్టుకుంది. గేటు దాకా నడిచింది. రోడ్డు అవతల తుమ్మచెట్టు కింద బండరాయి మీద కుళ్లాయప్ప అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఎండ ఇంకా ముదరలేదు గానీ తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. పక్కన నీళ్ల బాటిలు, గొర్రెలు లేని గొర్రెలకట్టె. మొలతాడుకు కట్టుకున్న ఇత్తడి గంట బండ మీద ఒరిగి ఉంది.

"ఏం వదినా, ఈ పొద్దు పండుకున్న గొర్రె కదా?" అని అరిచాడు.

అతనికి అక్షరాలు రావు. అంకెలు మాత్రం ఈ బోర్డు చూసి నేర్చుకున్నాడు, అదీ వెనకనుంచి ముందుకు. తొమ్మిది అంటే పొట్టేలు కొమ్ము. ఐదు కొడవలి. ఒకటి కట్టె. రెండు, పడుకుని మెడ ఎత్తి చూసే గొర్రె. తొమ్మిది తర్వాత పది వస్తుందంటే నవ్వేవాడు. "యాడన్నా పెరుగుతాదా వదినా? తరుగుతాది గానీ" అనేవాడు.

ఓబమ్మ వెనక్కి వెళ్లింది. మూడు రేకులు పెట్టెలో పెట్టింది. రెండు తీసుకొచ్చి నడిమి మేకుకు తగిలించింది. కుళ్లాయప్ప చేయి ఎత్తి ఆడించాడు. పదకొండు లోపల మార్చవచ్చులే అని ఆమె తనకు తాను చెప్పుకుంది.

ట్యాంకు మీద ఎర్రదుమ్ము వేలు పెడితే గీత పడేంత మందాన ఉంది. రెండేళ్ల కిందట మే నెలలో ఇదే ట్యాంకు మీద మంచు పేరుకుంది. రాకెట్ ఇంజను మంట పరీక్షించడానికి ఏదో చల్లటి ద్రవం తెచ్చి నింపారు. బోర్లన్నీ ఎండిపోయి, ట్యాంకర్ నీళ్లకు బిందెలు వరుసపెట్టే రోజులవి. బయట నిలబడితే అరికాళ్లు కాలేవి. ఆ ఎండలో ట్యాంకు కింది గొట్టాల మీద వేలెడు మందాన తెల్లగా మంచు. కంచె బయట ఊరంతా నిలబడి చూసింది. కుళ్లాయప్ప మంద కంచెకు ఆనుకుని ఆ చల్లగాలికి ముట్టెలు చాపింది. ఎండాకాలంలో మంచు పుట్టించినవాళ్లు ఆకాశానికి ఎగరలేరా అని ఆ రోజు అనుకోనివాళ్లు లేరు.

ఆ తర్వాత ఇంజను రెండుసార్లు మండింది. ఆపైన మంచు లేదు, మంట లేదు. అది ఓబమ్మకు తెలుసు. ట్యాంకు తుడిచేది ఆమే.

భర్త నాగన్న పోయాక, యాభై రెండో ఏట ఆమె చదువుకుంది. పింఛను కాగితం మీద ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేసి, అందులో ఏముందో ఇంటికి వచ్చే దాకా తెలియక, దారి పొడుగునా ఏడ్చిన రోజు తర్వాత జయంతి టీచరమ్మ సాయంత్రం బడికి వెళ్లింది. ఏడాది పట్టింది. మొదట సొంతంగా చదివింది బస్సు మీద 'ధర్మవరం' అన్న మాట. బస్సు వెళ్లిపోయినా ఆమె చదువుతూనే నిలబడింది. నోటిమాట పొద్దున ఒకటి, మాపున ఒకటి. నాగన్న మాటా అంతే, సర్పంచు మాటా అంతే. రాసింది మాత్రం కదలదు. నిన్న ధర్మవరం ఇవాళా ధర్మవరమే. ఆ నమ్మకం ఆమెకు అక్షరాలతో పాటే వచ్చింది.

రాకెట్ కంపెనీ కరపత్రం పట్టుకుని కుళ్లాయప్ప వచ్చిన నాడు ఆమె దాన్ని వేలు పెట్టి గంటసేపు చదివింది. ఎక్కడా తడబడలేదు. చిన్నవాటాలు కొన్నవారికి రాకెట్ ఎగిరిన రోజున మూడింతలు అని ఉంది. నాగన్నతో కలిసి ముప్పై ఏళ్లు గొర్రెలు కాసినవాడు ఆమె ముందు నేల మీద కూర్చుని, బడిపిల్లవాడిలా నోరు తెరుచుకుని విన్నాడు.

"నిజమేనా వదినా?"

"అచ్చేసిండారు కదప్పా. అబద్ధమైతే అచ్చేస్తారా?"

"నువ్వు సదివి చెప్పినావు. నాకింక ఎవురితో పని ల్యా."

ఆ తర్వాతి సంతలోనే మంద మొత్తం అమ్మి వాటాలు కొన్నాడు. మోకాళ్లు పోయాయి, మేత లేదు, ఎట్లాగూ ఏడాది ఆగితే మూడు మందలు అన్నాడు. ముందు నడిచే పొట్టేలు మెడలో గంట మాత్రం విప్పి ఉంచుకున్నాడు. అది ఊరికే మోగుతుంటే మనసు ఆగడంలేదని, చివరిసారి కత్తిరించిన నల్ల ఉన్ని దాని నోట్లో కుక్కాడు. మంద వచ్చినాక తీస్తానన్నాడు.

ఆ గంటసేపటి చదువు ఓబమ్మకు ఇప్పటికీ గుర్తే. అంత బాగా అంతకు ముందు ఎప్పుడూ చదవలేదు. అదే ఆమెను కోస్తుంది. తడబడి ఉంటే, నాకు సరిగ్గా అర్థం కాలేదప్పా అని ఉంటే, మంద ఉండేది.

బోర్డు మూడువందలతో మొదలైంది. నలభై ఒకటికి వచ్చాక ఒక పొద్దున రెండువందల అరవై అయింది. తొమ్మిదికి వచ్చాక నూటా ఎనభై అయింది. మొదటి రోజు నుంచీ ప్రతి అంకెనూ ఆమె సాయంత్రం బడి నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంది. మొదట రాత మరిచిపోకుండా ఉండటానికి రాసింది. తర్వాత ఎందుకు రాస్తోందో ఆమెకే తెలియదు. ఆ పుస్తకం రోజూ అన్నం సంచిలో వస్తుంది, పోతుంది.

పది దాటగానే మారుతి బండి వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, చెప్పితి కదా! నా పొట్ట కొట్టేకి చూస్తాండావా?"

"మారుస్తాలేప్పా. మరిసిపోతి."

"ఆ ముసలాయన కోసమే కదా నువ్వు మరిసిపోయేది" అన్నాడు మారుతి. అతని గొంతులో కోపం సగమే ఉంది.

ఆమె స్టూలు వేసుకుని ఎక్కింది. రెండు తీసింది. ఒకటి, తొమ్మిది, ఐదు తగిలించింది. వీపు మీద చూపు తెలుస్తోంది. దిగి తిరిగేసరికి కుళ్లాయప్ప కట్టె ఊతంతో రోడ్డు దాటి వచ్చాడు.

"కట్టె, కొమ్ము, కొడవలి. ఇదెంత వదినా?"

ఆమె చెప్పింది.

కొంచెంసేపు బోర్డు వంకే చూశాడు. "నా గొర్రె యాడికి పాయె?"

రేకు ఆమె చేతిలోనే ఉంది. "దసరా పోయినంకనంట" అంది.

"నువ్వేం చేస్తావులే. తగిలిచ్చేదే కదా నువ్వు, రాసేదా?" దగ్గు వచ్చి మాట ఆగింది. తేరుకున్నాక నవ్వాడు. "ఆ రెండు నాకియ్యి వదినా. నాతాన ఉంటే మళ్లీ దాని కోసరమన్నా నా కాడికి రావల్ల కదా వాళ్లు."

"కంపెనీది కదప్పా. మారుతి లెక్క చూస్తాడు."

"సరే సరే. ఊరికే అంటి." అతను వెనక్కి వెళ్లి బండ మీద కూర్చున్నాడు. రోడ్డు దాటడానికి వచ్చినప్పటి కన్నా ఎక్కువసేపు పట్టింది.

పదకొండున్నరకు రెండు కార్లు వచ్చాయి. ఐదారుగురు దిగారు. తెల్లచొక్కా అధికారి షెడ్డు చూపించాడు, తెర మీద బొమ్మలు చూపించాడు. ఓబమ్మ టీ ఇచ్చింది. వాళ్లలో ఒక పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని గేటు బయటికి వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. ధర్మవరంలో పట్టుచీరల దుకాణమట, పేరు గంగాధరప్ప. నుదుట విభూతి, చేతికి గడియారం. చీర అంచు చూసినట్టు బోర్డు అంచును వేలితో తడిమి చూశాడు. అక్కడ నీలం రంగు ఎండకు వెలిసి ఉంది.

"ఏమ్మా, ఈ ఊరేనా నీది?"

"అవును సార్."

"కార్లో వచ్చినోళ్ల మాటలు నాకు అర్థం కాలా. నువ్వు నా చెల్లెలు లెక్క ఉండావు. ఉన్నది చెప్పు. ఈ బోర్డు ఎన్నాళ్లుగా ఉండాది ఈడ?"

మారుతి గేటు లోపల నిలబడి చెప్పు సరిచేసుకుంటున్నాడు. అన్నం సంచి గోడకు తగిలించి ఉంది, అందులో నోటుబుక్కు ఉంది. రోడ్డు అవతల కుళ్లాయప్ప ఆ మాటలు విని లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు, తనను కూడా పిలుస్తారేమో అన్నట్టు.

"ఈ పొద్దే సార్" అంది ఓబమ్మ. "ఈ పొద్దే పెట్టినాము."

గంగాధరప్ప తల ఊపాడు. జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. "ఏమన్నా చెప్పాలనిపిస్తే ఫోన్ చెయ్యమ్మా." లోపలికి వెళ్లాడు.

కుళ్లాయప్ప నెమ్మదిగా మళ్లీ కూర్చున్నాడు. తువ్వాలు తలకు చుట్టుకోలేదు.

కార్లు వెళ్లిపోయేసరికి రెండయింది. అప్పటి దాకా ఆమె గేటు దాటలేదు. ఊడ్చిన చోటే ఊడ్చింది. తర్వాత సంచి తీసుకుని రోడ్డు దాటింది. డబ్బాలో రాగిముద్ద, ఊరుబిండి పచ్చడి ఉన్నాయి. ముందు తిననిచ్చి, ఆ తర్వాత నోటుబుక్కు తీసి మొదటి పేజీ నుంచి అన్నీ చదివి వినిపించాలనుకుంది. నేను అచ్చు చూసి మోసపోయినా, నిన్నూ మోసం చేసినా అని చెప్పాలనుకుంది. ఆ మాటలు రోడ్డు దాటేంతలో రెండుసార్లు నోట్లో తిప్పుకుంది.

"ఏమప్పా, తిందువు రా."

అతను తుమ్మ మొదలుకు ఆనుకుని ఉన్నాడు. ముఖం బోర్డు వైపే ఉంది. ఒక చీమ చెంప మీదుగా నడిచి మీసంలోకి వెళ్లింది. అతను దులుపుకోలేదు.

ఓబమ్మ డబ్బా కింద పెట్టింది. చేయి పట్టుకుని చూసింది. ఎండకు కాగిన బండ వేడిగా ఉంది, చేతిలో ఆ వేడి లేదు.

మారుతి పరుగెత్తుకొచ్చాడు. ఊరికి ఫోన్ చేశాడు. కుళ్లాయప్ప అన్న కొడుకులు ఆటో తెచ్చారు. "మంద అమ్మినప్పుడే సగం పాయె మా చిన్నాయన" అన్నాడు ఒకడు కాళ్లు పట్టి ఎత్తుతూ. ఎవరి వంకా చూసి అనలేదు. ఓబమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. మారుతి కళ్లు తుడుచుకుని ఆటో వెనకే బండి మీద వెళ్లాడు.

ఆమె బండ పక్కన నేల మీద కూర్చుంది. కార్డు తీసి అంకెలు ఒక్కొక్కటే నొక్కింది. రెండోసారికి కలిసింది.

"సార్, నేను బోర్డు కాడ ఓబమ్మను. పొద్దున మీకు అబద్ధం చెప్పినా. బోర్డు పెట్టి రెండేండ్లు కావస్తాంది. నాతాన రాసిపెట్టింది ఉండాది, చదువుతా, వినండి." నోటుబుక్కు తెరిచి వేలు పెట్టింది. మూడువందలు. రెండువందల తొంభై తొమ్మిది. రెండువందల తొంభై ఎనిమిది. పేజీలు తిప్పి, పెరిగిన చోట్లు మాత్రం చదివింది. నలభై ఒకటి, రెండువందల అరవై. తొమ్మిది, నూటా ఎనభై. మూడు, నూటా తొంభై ఐదు.

అవతల మగ్గాల చప్పుడు వినిపించింది.

"ఆడనే సంతకం పెట్టేస్తినమ్మా" అన్నాడు గంగాధరప్ప. తిట్టలేదు. "నిన్ను అడిగి లోపలికి పోయినంకనే పెట్టినా."

ఫోన్ కట్టయింది. రోడ్డు మీద లారీ పోతే బోర్డు మీద రేకులు మూడూ కదిలి, ఒకదానికొకటి తగిలి, ఊరుకున్నాయి.

లేవబోతే అరచేతికి ఏదో తగిలింది. అతన్ని ఎత్తినప్పుడు మొలతాడు తెగినట్టుంది. ఇత్తడి గంట బండ అంచున పడి ఉంది, దాని నోట్లో కుక్కిన నల్ల ఉన్ని కుక్కినట్టే ఉంది.