విశ్వం వంపు, శుక్రవారంలోగా

మా ఆయన ప్రదీప్ షోళింగనల్లూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. "తెలియదు" అనే మాట ఆయన నోట వచ్చి పదిహేనేళ్లయింది. ఆఫీసులో ఆ మాటంటే ఉద్యోగానికే నీళ్లు వదులుకోవాలట.

మా మైత్రి ఏడో తరగతి. స్కూల్లో సైన్సు ప్రదర్శనకి విశ్వం ఆకారం మీద చార్టు వేసింది. బంతి మీద త్రిభుజం గీస్తే మూడు కోణాలూ కలిపి నూట ఎనభై డిగ్రీలు దాటుతాయి, కాగితం మీదైతే సరిగ్గా నూట ఎనభై. శాస్త్రవేత్తలు ఆకాశంలోనే త్రిభుజాలు కొలిచి, విశ్వం చదునుగానే ఉందన్నారట. నాలాంటి దానికి కూడా అర్థమయ్యేలా రాసింది పిల్ల. చివర ఎర్ర స్కెచ్‌పెన్నుతో, "కొలిచినంత వరకు చదును. కొలతకు అందని వంపు ఉందేమో, తెలియదు." ఆ వాక్యమంటే దానికి ప్రాణం.

ప్రదర్శనకి ముందురోజు సాయంత్రం ఆయన అది చదివి తల పట్టుకున్నారు.

"తెలియదని రాస్తే ప్రైజ్ ఎవడిస్తాడే? పెండింగ్ అని రాయి. డేట్ ఇవ్వు."

"ప్రపంచంలో ఎవరికీ తెలీదు నాన్నా!"

"అందుకే డేట్ ఇవ్వాలి."

పిల్ల స్నానానికి వెళ్లగానే ఆ వాక్యం మీద తెల్లకాగితం అంటించి, "తొంభై శాతం పూర్తి. వంపు సంగతి శుక్రవారంలోగా తేలుతుంది" అని రాసి, చార్టు చుట్టేశారు. మర్నాడు స్కూల్లో విప్పాకే మేమిద్దరం చూశాం. మైత్రి ఆ కాగితం అంచు గోటితో లేపబోయింది, ఊడలేదు.

ముఖ్య అతిథి బాలమురుగన్ గారు ఖగోళశాస్త్రం ప్రొఫెసరు. చార్టు ముందు ఆగి, కళ్లజోడు సవరించుకున్నారు.

"మేం ముప్ఫై ఏళ్లుగా కొలుస్తున్నాం. శుక్రవారం అన్నది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"పాప రాసింది సార్," అన్నారు మా ఆయన తడుముకోకుండా.

ఆఫీసులో తప్పంతా కింది కుర్రాళ్ల మీదికి తోసినంత సులువుగా తోసేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే మైత్రి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సారీ సార్," అంది. "తెలియదు అని రాయాల్సింది."

ప్రొఫెసరు ముఖం విప్పారింది. "నా విద్యార్థుల చేత ఈ మాట అనిపించలేక చస్తున్నానమ్మా!" అంటూ దానితో చేయి కలిపారు.

"గైడెన్స్ నాదే సార్," అని మా ఆయన కూడా చేయి చాపారు.

ఆ తర్వాత మైత్రి ఎన్నో చార్టులు వేసింది. ఆయన దాని గది గుమ్మంలో నిలబడి, "ఏం చేస్తున్నావే, చూపించవూ?" అని అడుగుతూనే ఉన్నారు. అయిపోయాక చూపిస్తానంటుంది. ఇంతవరకూ ఒక్కటీ అయిపోలేదు.