పదకొండున్నర రెట్లు

మా అత్తయ్యగారి అక్క ఇల్లు ఎత్తు రోడ్డు చివర ఉంది. మా కారు మమ్మల్నందరినీ మోసుకుంటూ ఆ ఎత్తు ఎక్కలేదు. అందుకని పోస్టు డబ్బా దగ్గర నేను దిగుతాను, దర్జీ కొట్టు దగ్గర మామయ్యగారు, మందుల షాపు దగ్గర అత్తయ్య. మా ఆయన ఒక్కరే దర్జాగా గేటు దాకా వెళతారు. చెల్లెలు రొప్పుకుంటూ రావడాన్ని ఆవిడ పదకొండేళ్లుగా బాల్కనీలోంచి చూస్తోంది. పల్లెత్తు మాటనదు. అత్తయ్యకు ఒళ్లు మండేది అందుకే.

ఈమధ్య ఇంజన్ విప్పక తప్పలేదు. ఇక గేటు దాకా కార్లో కూర్చునే వెళ్లాలని అత్తయ్య తేల్చేసింది.

మెకానిక్ మా భోజనాల బల్ల మీద రెండు రకాల పిస్టన్లు పరిచాడు. కొన్ని బల్లపరుపు తలవి, కొన్ని బోడిగుండులా ఉబ్బినవి. పక్కనే సిలిండర్‌కూ దాని పైమూత హెడ్‌కూ మధ్య వేసే గాస్కెట్లు, ఒకటి మందపుది, ఒకటి పలచనిది. ఉబ్బు తల సిలిండర్‌ పైన ఉన్న చోటు కొంత తినేస్తుంది, పలచని గాస్కెట్ ఇంకొంత. చోటు తగ్గేకొద్దీ గాలీ పెట్రోలూ మరింత నొక్కుకుని, బలంగా తోస్తాయి. హెడ్‌లోని గుంటను నేను మందు సిరంజితో కిరసనాయిలు పోసి కొలిచాను. పాతవాటితో కంప్రెషన్ ఎనిమిది రెట్లు. బల్లపరుపు పిస్టన్‌కు పలచని గాస్కెట్ వేస్తే తొమ్మిదికి కాస్త తక్కువ. ఉబ్బుదానికి మందపుది వేస్తే పది, పలచనిది వేస్తే పదకొండున్నర.

అత్తయ్యకు అంకెలు తలకెక్కలేదు. తొమ్మిదైతే తనెక్కడ దిగాలో చెప్పమంది. మామయ్యగారు స్కేలుతో రోడ్డు పటం గీసి, తొమ్మిదికి లాండ్రీ అనీ, పదికి మలుపులో దీపస్తంభం అనీ, పదకొండున్నరకు గేటు అనీ గుర్తులు పెట్టారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ అంకెలెత్తలేదు. మెకానిక్ కూడా అంతే.

“ఈ పెట్రోలుకి లాండ్రీ దాటకూడదమ్మా,” అన్నాడు.

దాటితే మంట వేళకు ముందే అంటుకుని పిస్టన్లను సుత్తితో బాదినట్టు బాదుతుందట. మా ఆయన రాజీకొచ్చి, దీపస్తంభం నుంచి నలభై అడుగులేగా అన్నారు.

“నలభై అయినా నడకేగదరా,” అంటూ అత్తయ్య ఉబ్బు పిస్టన్ ఒకటీ పలచని గాస్కెట్టూ తీసి మెకానిక్ చేతిలో పెట్టింది.

ఆదివారం కారు ఎత్తెక్కింది. రేకు డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు బానెట్ కింద ఒకటే మోత. దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు. మామయ్యగారు అలవాటు కొద్దీ తలుపు తీయబోతే అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని లాగింది. లాండ్రీ దాటాం, దీపస్తంభం దాటాం, గేటు ముందు ఆగాం. బాల్కనీలోకి ఆవిడ వచ్చింది.

మా ఆయన తాళం తీసేశారు. ఇంజన్ మాత్రం ఆగలేదు. లోపల కాగిపోయి, తాళంతో పనిలేకుండా తనంతట తనే మండుతూ కారును కుదిపేస్తోంది. బ్రేకు తొక్కి, గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఆగుతుంది. ఆయన చెయ్యి గేరు మీదికి వెళ్లింది.

“ఉండనీరా,” అంది అత్తయ్య, పళ్లు టకటకలాడుతుంటే. “అక్క ఇంకా కళ్లజోడు పెట్టుకోలేదు.”