సుంకులమ్మ చేట

ఈ వృత్తాంతం దావీదురాజుగారు ఉద్యోగం విరమించిన ఏడాది, కర్నూలులో తమ చర్చి వరండాలో కూర్చుని, ఊరిపేరు మాత్రం దాచి చెప్పినది. ఆయన భార్య విశ్వాసమ్మ రెండుచోట్ల సరిదిద్దింది.

1955 వేసవి. కొత్త రాజధాని కర్నూలులో కచేరీలు గుడారాలలో నడుస్తున్నవి. హెల్తు ఇన్‌స్పెక్టరుగా ఉన్న దావీదురాజుకు అప్పగించిన పని, పుట్టుకతోనే అవకరం ఉన్న పిల్లలను ఇంటింటా లెక్కించడం. ఫిర్కాలోని ఊళ్లన్నిటా కలిపి ఇరవై మంది తేలితే కొత్త ప్రణాళికలో శస్త్రచికిత్స శిబిరం పెడతారు. తేలకుంటే డాక్టరు వేరే తాలూకాకు పోతాడు. నలభై రోజులు సైకిలు తొక్కినా తేలినది ఇద్దరే. గడువు మర్నాటితో సరి.

మిగిలిన చివరి ఊరు ఆయన అత్తవారిది. పైపెదవి చీలి పుట్టిన ఆయన నాలుగేళ్ల కూతురు కృపమణి అక్కడే, అమ్మమ్మ ఇంటి తలుపు వెనుక పెరుగుతున్నది. ఆ ఇంటి ఫారంలో "ఎవరూ లేరు" అని రాసింది ఆయనే. రాసినప్పటినుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

"పిల్లోళ్లు ఎంతమందమ్మా?" అని వాకిట్లో పేలు చూస్తున్న ఈరక్కను అడిగాడు.

"ఉండారులేప్పా, దేవుడిచ్చినంతమంది."

"అంటే ఎంతమంది?"

"కన్నతల్లి లెక్కబెడితే దిష్టి తగలదా? అల్లుడివని ఊరుకుంటాండా!" పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "మంత్రసాని సుంకులమ్మనడుగు. ఏడూళ్ల కాన్పులు ఆమె చేతుల్లోవే. ఆమె చాట లెక్కబెడితే మాకేం దోషం?"

పుట్టిన ప్రతి బిడ్డనూ సుంకులమ్మ ముందుగా తన చేటలోనే పడుకోబెట్టేది. ఇప్పుడు పిలిస్తే వచ్చి, ఆ వాకిట్లోనే కూర్చుని, అందులో దోసెడు జొన్నలు పోసి కుదిపింది. గింజలు జరిగి జరిగి ఒక పసిబిడ్డ ఆకారంగా నిలిచాయి.

"మెల్లగమ్మా, జొన్నలు కిందపడతాండాయి," అంది ఈరక్క.

"మారెన్న కొడుకు. పాదం లోపలికి తిరిగుండాది, చూడు." మళ్లీ కుదిపింది. "గంగక్క బిడ్డ. చెవులకాడ గింజ నిల్చల్యా. వినపడదు."

తల్లులు ఒక్కొక్కరే లేచి వెళ్లి బిడ్డలను ఎత్తుకొచ్చారు. "నేను చెప్పలా, చాట చెప్పింది," అన్నది గంగక్క. పక్క ఊళ్ల పిల్లలూ చేటలోకి వచ్చారు. "సమాచారం ఇచ్చినవారు" అన్న గడిలో చేట అని రాయవచ్చునా అన్నదొక్కటే దావీదురాజు సందేహం. మంత్రసాని అని రాశాడు.

ముందు తేలిన ఇద్దరితో కలిపి పందొమ్మిది మంది అయ్యారు. మరోసారి కుదిపితే గింజల పెదవి రెండుగా చీలింది.

"ఇది ఎవరిదో చెప్పల్లనా, అల్లుడా?"

"ఆ ఇంటి ఫారం రాసేసినానమ్మా."

"కొట్టేసి రాయి. ఊరోళ్ల బిడ్డల్ని బయటికి తెమ్మన్నోడివి, నీ బిడ్డను తేవా?"

దిష్టిని నమ్మనని చర్చిలో పదిమందికీ చెప్పే మనిషి, పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు. తిరిగివచ్చినప్పుడు చంకలో కృపమణి ఉంది, ముఖంమీద గుడ్డ లేకుండా. ఆ పిల్ల ఎండకు కళ్లు చికిలించుకున్నది. ఆయన ఇరవై అని రాశాడు.

శ్రావణంలో డాక్టరు వచ్చి కృపమణి పెదవి కుట్టాడు. మారెన్న కొడుకు నడిచి, ఆదోనిలో పత్తి తూకం పనికి కుదిరాడు. గంగక్క బిడ్డకు చేయగలిగింది లేకపోయింది. ఆ పిల్ల పెద్దయ్యాక మగ్గం నేర్చుకున్నది. సుంకులమ్మ ఆరేళ్లకు కాలం చేసింది. దావీదురాజు ఆ తరువాత ఏ లెక్క రాసినా తన ఇంటితోనే మొదలుపెట్టాడు.

కృపమణి నర్సు అయింది. చేట ఆమె దగ్గరే ఉంది. జొన్నలు పోసి కుదిపితే, ఆమె ముఖం నేటికీ చీలిన పెదవితోనే పడుతుంది. బిడ్డను కొంగులో దాచుకున్న బాలింతలకు ఆమె మొదట ఆ గింజల ముఖాన్ని చూపి, పిమ్మట తల పైకెత్తుతుంది.