గాల్లో ఎడమవైపు

నేను కారు డ్రైవింగ్ నేర్పుతాను. పాతికేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. యాభై దాటాక, ఇక చాల్లే అనుకుని సరదాలు మొదలుపెట్టాను. కొండలెక్కాను, సముద్రంలో మునిగి చేపల్ని చూసొచ్చాను. ఇప్పుడు విమానంలోంచి దూకడం నేర్చుకుంటున్నాను. “ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం నీకు కొత్త గానీ, నీ పక్కన బండి నడిపేవాళ్ళకి రోజూ ఉండేదే,” అంటాడు మా ఆయన. ఆయన మాటలకేం!

మొదటిసారి ఒంటరిగా దూకే రోజు రానే వచ్చింది. ప్యారాచూట్ విచ్చుకున్నాక ఎటు తిరగాలో కింద నించున్న గురువు రేడియోలో చెబుతాడు. మన హెల్మెట్‌లో వినబడుతుంది. మనం తిరిగి మాట్లాడే వీలు మాత్రం లేదు. అక్కడే నాకు ఒళ్ళు మండింది. తీరా ఆ గురువు ఎవరా అని చూద్దును కదా, ఖర్మ! నా దగ్గర నేర్చుకుని మూడుసార్లు డ్రైవింగ్ పరీక్ష తప్పిన కుర్రాడు. ఎడమ అంటే కుడికి తిప్పేవాడు, కుడి అంటే ఎడమకి. వాణ్ణి తిట్టినన్ని తిట్లు కన్నకూతుర్ని కూడా తిట్టలేదు.

“నమస్తే మేడం, గుర్తున్నానా?”

“ఎందుకు గుర్తులేవూ! మా గేటు గుద్దింది నువ్వేగా. ఇవాళ నా ప్రాణం నీ చేతిలోనా, నాయనా?”

“భయపడకండి మేడం. ఇప్పటికి వందలమందిని దింపాను. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, చాలు.”

కళ్ళు మూసుకుని దూకేశాను. కెవ్వుమని అరిచాను కూడా. ప్యారాచూట్ విచ్చుకున్నాక, అబ్బ, ఎంత హాయిగా ఉందో! కిందికి చూస్తే ఎడమపక్క బోసి మట్టినేల, కుడిపక్క పచ్చటి గడ్డిమైదానం.

“మేడం, ఎడమకి తిరగండి,” అంది రేడియో.

వీడింకా మారలేదు! అంత పచ్చిక పెట్టుకుని మట్టిలో పడమంటాడేమిటి? కుడి తాడు లాగాను.

“ఎడమ మేడం! ఎడమ!”

“నోర్ముయ్! నాకు తెలుసులే!” అన్నాను. ఎవరికి వినబడాలి?

“మేడం, దండం పెడతాను, ఎడమకి...”

కాళ్ళు నేలకి ఆనాయనుకున్నాను. ఎక్కడ ఆనడం! నడుం దాకా దిగబడి, బోర్లా పడ్డాను. అది గడ్డి కాదు, మడుగు. పైనంతా పచ్చటి పాచి.

వాడు పరుగున వచ్చి, బట్టలతోనే మడుగులోకి దిగి, నన్ను గట్టుకి లాగాడు. ఇక తిట్లు మొదలవుతాయని చెవులు సిద్ధం చేసుకున్నాను. వాడి స్థానంలో నేనుంటే ఏడు తరాలూ తవ్విపోసేదాన్ని. వాడు మాత్రం వగరుస్తూ నా ముఖంలోకి చూశాడు. వందలమందిని క్షేమంగా దింపినవాడు, తన ఎడంచెయ్యి నా ముందు పైకెత్తి, బెరుగ్గా అడిగాడు.

“ఇది ఎడమే కదా మేడం?”

నా ప్రాణం చివుక్కుమంది. నోట్లో పాచి ఉమ్మేసి, వాడి కళ్ళలోకి చూశాను.

“ఎడమే సార్,” అన్నాను.